కొన్న గేమ్ మనది కానప్పుడు క్రాక్ వాడితే తప్పేంటి? పాత కంప్యూటర్ ఉన్న తమ్ముడికి జవాబు

తమ్ముడూ, నువ్వు మూడు విషయాలు అడిగావు. ఏడేళ్ల కిందటి కంప్యూటర్ ఉంది, ఇంటెల్ ఎనిమిదో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. దాన్ని పక్కన పెట్టి కొత్తది కొనాలా? విండోస్ 10కి సపోర్టు ఆగిపోయింది, విండోస్ 11 వేద్దామంటే ఈ మెషీన్‌కి కుదరదని వస్తోంది, ఏం చేయాలి? మూడోది కోపంతో అడిగావు: "డబ్బు కట్టి కొన్న గేమ్ కూడా మనది కాదట కదన్నా, లైసెన్సు మాత్రమేనట. మరి క్రాక్ (కంపెనీ పెట్టిన తాళాన్ని తీసేసిన కాపీ) వాడితే తప్పేంటి?"

ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటర్లు విప్పుతూ బిగిస్తూ ఉన్నాను. నాకు ఈ మూడింటి అడుగునా ఒకే ప్రశ్న కనిపిస్తుంది. మన బల్ల మీద ఉన్న యంత్రం ఎవరి మాట వినాలి, మన మాటా, తయారుచేసినవాళ్ల మాటా? అది మనసులో పెట్టుకుని చదువు.

కొత్త కంప్యూటర్ ఇప్పుడు కొనొద్దు. నీ మెషీన్‌ని ముందుగా పట్టి వెనక్కి లాగుతున్నది హార్డ్ డిస్క్. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ మీద ఒక ఫైల్ ముక్కను వెతికి పట్టుకోవడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. తిరిగే భాగాలు లేకుండా చిప్‌ల మీద డేటా దాచే ఎస్ఎస్‌డీలో అదే పని 0.1 మిల్లీసెకనులో అయిపోతుంది. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి చిన్న వెతుకులాటలు వేల సంఖ్యలో జరుగుతాయి. డెస్క్‌టాప్ కనిపించాక కూడా మౌస్ మొరాయిస్తోందని రాశావు చూడు, దానికి కారణం అదే. మదర్‌బోర్డు మీద ఎం.2 అనే చిన్న స్లాట్ ఉంటే అందులో పెట్టే ఎన్‌వీఎంఈ రకం తీసుకో, లేకపోతే కేబుల్‌తో కలిపే మామూలు సాటా ఎస్ఎస్‌డీ చాలు. సాటా సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ కొన్ని వేల ఎంబీ చదువుతుంది. కానీ గేమ్ లోడ్ అయ్యే సమయం ఆ లెక్కన తగ్గదు, ఎందుకంటే కుదించి పెట్టిన ఫైళ్లను విప్పే పని చాలావరకు ప్రాసెసర్ మీదే పడుతుంది. హార్డ్ డిస్క్ నుంచి ఏదో ఒక ఎస్ఎస్‌డీకి మారడంలోనే కొట్టొచ్చినట్టు తేడా కనిపిస్తుంది. అక్కడి నుంచి ఇంకా ఖరీదైన ఎస్ఎస్‌డీకి వెళ్తే కలిగే లాభం చాలా తక్కువ.

ర్యామ్ 16 జీబీ చెయ్యి. ఇప్పుడున్నది ఒకే 8 జీబీ స్టిక్ అయితే అలాంటిదే ఇంకొకటి పక్కన పెట్టు. రెండు స్టిక్కులు ఉన్నప్పుడు ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి చదువుతుంది, ప్రాసెసర్ మీద భారం పడే గేముల్లో ఆ తేడా తెలుస్తుంది. నీ తరం బోర్డుల్లో చిప్‌సెట్ (బోర్డు మీది ప్రధాన చిప్) జెడ్ రకం కాకపోతే ర్యామ్ వేగం 2666 దాటదు. కాబట్టి 3200 అని రాసి ఉన్నదానికి ఎక్కువ పెట్టి లాభం లేదు.

ఇక గ్రాఫిక్స్ కార్డు మార్చాలా వద్దా అన్నది ఎవరినో అడిగే పని లేకుండా నువ్వే తేల్చుకోవచ్చు. గేమ్ ఆడుతూ రిజల్యూషన్ 1080 నుంచి 720కి తగ్గించు. సెకనుకు గీసే ఫ్రేముల (బొమ్మల) సంఖ్య బాగా పెరిగితే ఇబ్బంది కార్డుదే. ఎంత తగ్గించినా అదే దగ్గర ఆగిపోయిందంటే ప్రాసెసరే అడ్డు, అప్పుడు కొత్త కార్డు పెట్టినా ఏమీ మారదు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కార్డులు కొని నిరాశపడినవాళ్లను చాలామందిని చూశాను. కార్డే మార్చాల్సి వస్తే 8 జీబీ మెమరీకి తగ్గకు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకో. కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి పేరు పీసీఐఈ, నీ బోర్డులోది 3.0 తరం. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి కార్డుకి ఉన్నవి 4 లేన్లే. దాని 4 జీబీ మెమరీ నిండగానే మిగతా డేటా ఆ సన్నటి దారిలోనే రావాలి. 4.0 బోర్డులో ఫరవాలేదనిపించే కార్డు నీ బోర్డులో బాగా తడబడుతుంది. కార్డుల రివ్యూలు చూసేటప్పుడు ఏ బోర్డు మీద పరీక్షించారో తప్పకుండా చూడు.

4కే మానిటర్ ఊసు ఎత్తావు. వద్దు. 1080 తెర మీద సుమారు 20.7 లక్షల చుక్కలుంటాయి, 4కే మీద 83 లక్షలు. అంటే ప్రతి ఫ్రేముకీ కార్డు నాలుగింతలు గియ్యాలి. దానికి బదులు సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే 144 హెర్ట్జ్ 1080 తెర తీసుకుంటే ఒక్కో ఫ్రేము 60 హెర్ట్జ్ తెర మీది 16.7 మిల్లీసెకన్ల బదులు 6.9 మిల్లీసెకన్లకే కళ్ల ముందుకొస్తుంది. కొన్నాక కేబుల్‌ని మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టు, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి 144 ఎంచుకో. ఈ రెండూ చేయకుండా నెలల తరబడి 60 దగ్గరే ఆడుకున్నవాళ్లు నాకు తెలుసు.

పవర్ సప్లై గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు, నాకు భయం అక్కడే. ఒకప్పుడు అంతా మంచి సరుకు కొని, మిగిలిన కాస్త డబ్బుతో ఊరూపేరూ లేని పవర్ సప్లై పెట్టాను. ఎనిమిది నెలలకి ఒక సాయంత్రం టప్‌మని చప్పుడు, కాలిన వాసన. అది ఒక్కటే పోతే బాధ లేదు, మదర్‌బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ వెంట తీసుకుపోయింది. ఆ డిస్క్‌లో నాలుగేళ్ల ఫొటోలు ఉన్నాయి, వేరే కాపీ లేదు. అప్పటి నుంచి ఎవరు అడిగినా పవర్ సప్లై దగ్గర పొదుపు చేయొద్దనే చెప్తున్నాను.

సాఫ్ట్‌వేర్ సంగతికి వద్దాం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ దాకా వస్తాయి. నీ మెషీన్ విండోస్ 11కి పనికిరాదన్న మెసేజ్ చూసి టెన్షన్ పడకు. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఆ జాబితాలో ఉన్నాయి. బహుశా టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల్లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం. బయోస్‌లోకి వెళ్లి పీటీటీ ఆన్ చేసి మళ్లీ చూడు. పాత విండోస్ లెగసీ పద్ధతిలో ఎక్కించి ఉంటే డిస్క్‌ని జీపీటీ అనే కొత్త అమరికకి మార్చి, బూట్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చాల్సి వస్తుంది. కొత్త ఎస్ఎస్‌డీ మీద ఎలాగూ మొదటి నుంచి ఎక్కిస్తావు కాబట్టి అప్పుడే ఈ పని కూడా అయిపోతుంది.

అయినా ఒక మాట చెప్పాలి. నీకంటే ఒక్క తరం వెనక ప్రాసెసర్ ఉన్నవాళ్ల పరిస్థితి చూడు. పని చేస్తున్న మెషీన్, ఏ భాగమూ చెడిపోలేదు. ఒక జాబితాలో పేరు లేదని అలాంటివి దాదాపు అన్నీ పాతవైపోయాయి. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అలాంటివాళ్లకి నేను విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లైనక్స్ చూపిస్తాను, నిన్ను కూడా ఒకసారి చూడమంటాను. పెన్‌డ్రైవ్ మీద వేసుకుని, డిస్క్‌ని ముట్టుకోకుండానే బూట్ చేసి చూడొచ్చు. గేములు రావన్న మాట పదేళ్ల కిందట నిజం. విండోస్ ప్రోగ్రాములను లైనక్స్ మీద నడిపే వైన్ అనే ప్రాజెక్టు 1993లో మొదలైంది. దాని మీద కట్టిన ప్రోటాన్‌ని స్టీమ్ గేమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో విడుదల చేసింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే యంత్రం లైనక్స్‌తోనే వస్తుంది, విండోస్ గేములను ప్రోటాన్ మీదే నడుపుతుంది. ఒంటరిగా ఆడే గేముల్లో ఎక్కువ భాగం ఇప్పుడు లైనక్స్ మీద ఆడతాయి.

ఆడనివి ఏవంటే కొన్ని పోటీ గేములు. వాలొరంట్, ఫోర్ట్‌నైట్ లైనక్స్ మీద రావు, కారణం ఆటలో మోసాన్ని పట్టే వాటి యాంటీ చీట్ ప్రోగ్రాములు. వాలొరంట్‌తో పాటు 2020లో వచ్చిన వాన్‌గార్డ్ అయితే విండోస్ లేచినప్పటి నుంచే కెర్నెల్‌లో కూర్చుంటుంది. కెర్నెల్ అంటే విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం, ఇంట్లో ప్రతి గది తాళమూ తన దగ్గర ఉన్న మనిషి అనుకో. మోసగాళ్లను పట్టడానికి అంత లోపలికి రావాల్సిందేనని గేమ్ కంపెనీల వాదన, అందులో కొంత నిజం ఉంది. మోసం చేసేవాడు కూడా అక్కడి దాకా వెళ్తున్నాడు మరి. కానీ అంత లోపల చిన్న తప్పు జరిగితే ఏమవుతుందో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. విమానాలు నిలిచిపోయాయి. ఒక ఆట కోసం అలాంటి తాళం ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. బ్యాంకు పనీ ఆఫీసు పనీ అదే మెషీన్ మీద చేస్తుంటే మాత్రం నేను ఇవ్వను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న.

"కొనడం అంటే సొంతం కావడం కాకపోతే, క్రాక్ వాడటం దొంగతనం ఎలా అవుతుంది?" నువ్వు అడిగిందాన్ని ఈ మధ్య చాలామంది ఇలా అంటున్నారు. అందులో మొదటి సగంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. రెండో సగంతో కాదు.

మొదటి సగం చాలా పాత గొడవ. 1900ల మొదట్లో అమెరికాలో ఒక ప్రచురణ సంస్థ తన నవలలో ఒక నోటీసు అచ్చువేసింది. ఈ పుస్తకాన్ని ఒక డాలరు కంటే తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన అని దాని సారాంశం. మేసీస్ దుకాణం 89 సెంట్లకు అమ్మింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1908లో కోర్టు ప్రచురణకర్తకి చెప్పిందేమిటంటే, కాపీలు వేసే హక్కు నీది, కానీ ఒకసారి అమ్మేశాక ఆ ప్రతిని కొన్నవాడు ఏం చేసుకుంటాడో నువ్వు నిర్ణయించలేవు. పాత పుస్తకాల కొట్లు, లైబ్రరీలు, స్నేహితుడికి ఇచ్చిన క్యాసెట్ అన్నీ ఆ ఆలోచన మీదే బతికాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మనం చదవకుండా ఒప్పుకునే ఆ పొడుగాటి లైసెన్సు పత్రం ఉంది చూడు, అది ఆ నవలలోని నోటీసుకి మనవరాలే. తేడా అల్లా, ఈసారి కోర్టులు అన్నిచోట్లా కొన్నవాడి పక్షాన నిలబడలేదు. ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ పాత డిస్కులు తిరిగి అమ్మిన కేసులో 2010లో అమెరికా అప్పీలు కోర్టు అది అమ్మకం కాదు, లైసెన్సేనంది. ఒరాకిల్ సాఫ్ట్‌వేర్ కేసులో 2012లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం అందుకు విరుద్ధంగా చెప్పింది. డబ్బు తీసుకుని కాలపరిమితి లేకుండా ఇచ్చావంటే దాని పేరు అమ్మకమే, కొన్నవాడు తిరిగి అమ్ముకోవచ్చు అని. నాకు ఐరోపా మాటే న్యాయంగా తోస్తుంది.

దీనికి తోడు 1998లో అమెరికా డీఎంసీఏ అనే చట్టం తెచ్చింది. అంతకుముందు కాపీ చేయడం తప్పు. ఆ చట్టంతో డిజిటల్ తాళాన్ని తీయడమే తప్పయింది, లోపల ఉన్నది నువ్వు డబ్బు కట్టి కొన్నదే అయినా సరే. అది ఎంత దూరం పోయిందంటే, లెక్స్‌మార్క్ ప్రింటర్ల కంపెనీ తన టోనర్ డబ్బా మీది చిప్‌ని వేరేవాళ్లు తయారుచేయకూడదంటూ ఈ కాపీరైట్ చట్టాన్నే పట్టుకుని కోర్టుకెక్కింది. 2004లో అప్పీలు కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. కాని ఆలోచన ఎటు పోతోందో చూడు. రచయితని కాపాడాల్సిన చట్టం ఇంకు పొడిని కాపాడే పనిలో పడింది.

తాళాల పేరుతో మన యంత్రాన్నే పాడుచేసిన ఉదాహరణ కూడా ఒకటి ఉంది, అది నేను ఎప్పటికీ మర్చిపోను. 2005లో సోనీ బీఎంజీ కొన్ని మ్యూజిక్ సీడీల్లో ఒక కాపీ నిరోధక ప్రోగ్రామ్ పెట్టింది. సీడీని కంప్యూటర్‌లో పెడితే అది విండోస్ లోపల దూరి, తనను తాను కనపడకుండా దాచుకునేది. ఒక ప్రత్యేకమైన అక్షరాల గుంపుతో మొదలయ్యే ఏ ఫైలునైనా దాచేసేది. మార్క్ రుస్సినోవిచ్ అనే నిపుణుడు తన సొంత కంప్యూటర్‌లో దాన్ని కనిపెట్టి ఆ ఏడు అక్టోబర్ 31న బయటపెట్టాడు. కొద్ది రోజుల్లోనే వైరస్ రాసేవాళ్లు ఆ దాచే సౌకర్యాన్ని వాడుకోవడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్ గేముల్లో మోసం చేసేవాళ్లు కూడా తమ ప్రోగ్రాములను దాని చాటున దాచుకున్నారు. చివరికి సంస్థ ఆ సీడీలను వెనక్కి తీసుకుంది. ఆ ఇబ్బందంతా పడిందెవరు? డబ్బు పెట్టి సీడీ కొన్నవాళ్లు. ఊరికే ఎంపీ3 దింపుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

ఇలాంటి డిజిటల్ తాళాలనే డీఆర్ఎం అంటారు, దానితో నా గొడవ అదే. తాళం ఎప్పుడూ నిజాయితీగా కొన్నవాడి చేతికే తగులుతుంది. సేఫ్‌డిస్క్ సంగతి చూడు. 2000 చుట్టుపక్కల డిస్కు మీద వచ్చిన ఎన్నో గేములకి అదే తాళం. దాని డ్రైవర్‌లో భద్రతా లోపాలున్నాయని 2015లో విండోస్ 10 దాన్ని అసలు పెట్టుకోలేదు, పాత విండోస్‌ల్లో కూడా ఒక అప్‌డేట్‌తో ఆపేసింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం, చిల్లు ఉన్న తలుపు మూయాల్సిందే. ఫలితం మాత్రం ఏమిటి? పెట్టెలో భద్రంగా దాచుకున్న అసలు డిస్కు పనిచేయదు, అదే గేమ్ క్రాక్ కాపీ పనిచేస్తుంది.

గేములనే అనుకోకు. 2009లో అమెజాన్ తన కిండిల్ పరికరాల నుంచి, జనం అప్పటికే కొనుక్కున్న జార్జ్ ఆర్వెల్ పుస్తకాలను తీసేసింది. అమ్మిన సంస్థకి ఆ ఎడిషన్ హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు, తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు కొన్న పుస్తకాలు తెరుచుకోవడం ఆగిపోయాయి. అక్కడా డబ్బు వెనక్కిచ్చారు. డబ్బు రావడం మంచిదే. కానీ నా అలమారలోంచి పుస్తకం తీసుకుపోయి ఆ స్థానంలో నోటు పెట్టి వెళ్తే నేను ఊరుకుంటానా?

2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల గేమ్ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. ఒంటరిగా ఆడే భాగానికి కూడా సర్వర్ కావాలి కాబట్టి గేమ్ మొత్తం పోయింది. దాని మీద కోపంతో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలుపెట్టాడు. ఐరోపాలో ఆ పిటిషన్ 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటింది. వాళ్లు సర్వర్లు ఎల్లకాలం నడపమని అడగట్లేదు. ఆపేసే రోజున, గేమ్ ఏదో రకంగా ఆడుకునేలా వదిలి వెళ్లమంటున్నారు. ఇది జరగని పనేమీ కాదు. ఐడీ సాఫ్ట్‌వేర్ 1993లో డూమ్ అనే గేమ్ అమ్మింది, 1997లో దాని సోర్స్ కోడ్ (గేమ్ రాసిన అసలు ప్రోగ్రామ్) బయటపెట్టింది. ఈ రోజుకీ ఏ కొత్త యంత్రం వచ్చినా ఎవరో ఒకరు దాని మీద డూమ్ నడిపి చూస్తారు. బొమ్మలూ స్థాయిలూ ఇప్పటికీ కంపెనీవే, వాటిని ఇప్పటికీ అమ్ముకుంటున్నారు. సిటీ ఆఫ్ హీరోస్ అనే ఆన్‌లైన్ గేమ్ 2012లో మూతపడింది. తర్వాత అభిమానులు సొంతంగా సర్వర్ నడిపారు, 2024 జనవరిలో హక్కుదారు సంస్థ వాళ్లకే లైసెన్సు ఇచ్చింది. మనసుంటే మార్గం ఉంటుందనడానికి ఇంతకంటే ఏం కావాలి? మనసు లేనప్పుడు ఏమవుతుందో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్కగట్టింది. 2010కి ముందు అమెరికాలో విడుదలైన గేముల్లో 87 శాతం ఇప్పుడు దుకాణంలో ఎక్కడా దొరకవు. డబ్బు పట్టుకుని నిలబడినా అమ్మేవాడు లేడు. అమెరికాలో కంపెనీల రచనలకి కాపీరైట్ సాధారణంగా 95 ఏళ్లు. అన్నేళ్లు ఏ డిస్కు, ఏ సర్వర్ బతుకుతాయి? ఆ గడువు ముగిసేనాటికి కాపాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఇంత చెప్పినా, క్రాక్ వాడొద్దనే అంటాను.

దొంగతనం అన్న మాట నేను వాడను. సైకిల్ ఎత్తుకుపోతే సొంతదారుకి సైకిల్ ఉండదు, ఫైలు కాపీ అలాంటిది కాదు. కానీ ముగ్గురు కలిసి నాలుగేళ్లు కూర్చుని ఒక గేమ్ చేశారనుకో. అది అమ్ముడుపోతేనే వాళ్లకి ఐదో ఏడు ఉంటుంది. నీ కోపం "కొనండి" అని బటన్ మీద రాసి లోపల లైసెన్సు ఇచ్చే దుకాణం మీద. దెబ్బ తగిలేది వీళ్లకి. ఆ గేమ్ మీద ఏ తాళమూ పెట్టకుండా నిన్ను నమ్మి వదిలినవాళ్లకే ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే కాపీ చేయడం సులువైనవి అవే. పైగా ప్రతి క్రాక్ లెక్కా తర్వాతి తాళానికి సాకుగా మారుతుంది. ఒక కంపెనీ షరతులు నచ్చకపోతే కొనకు, ఆడకు. ఆ మాట బయటికి చెప్పు. అది కష్టమైన దారే, నాకు తెలుసు. ఎంతో ఎదురుచూసిన రెండు గేములను కేవలం ఎప్పుడూ నెట్ ఉండాలన్న షరతు వల్ల నేను కొనలేదు, ఇప్పటికీ ఆడలేదు.

రెండో కారణం నీ మెషీన్ గురించి. చదువుకునే రోజుల్లో నేనూ క్రాక్‌లు వాడాను. ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి కీ తయారుచేసే ప్రోగ్రామ్ దింపాను, యాంటీవైరస్ ఆపమంటే ఆపాను. రెండు వారాల తర్వాత ఫైళ్లన్నీ పేర్లు మారిపోయి, తెరవాలంటే డబ్బు పంపమన్న నోటు కనిపించింది. ప్రాజెక్టు రిపోర్టు మొత్తం పోయింది. కంపెనీ కెర్నెల్‌లోకి వస్తానంటే మనం అభ్యంతరం చెప్తున్నాం కదా. పేరు తెలియనివాడు పంపిన ఫైల్‌కి మన చేతులతో మనమే అడ్మిన్ అనుమతి ఇవ్వడం ఏం న్యాయం?

సాఫ్ట్‌వేర్‌కైతే క్రాక్ అవసరమే లేదు. లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, క్రీటా లాంటివి చట్టబద్ధంగా నీవే. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కథ నాకు చాలా ఇష్టం. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, 2002లో వాడేవాళ్లంతా చందాలు వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి, ఆ కోడ్‌ని పెట్టుబడిదారుల దగ్గర కొని అందరికీ వదిలేశారు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమా దానితోనే తయారైంది. కాపీరైట్‌ని ఎదిరించడానికి నాకు తెలిసిన అత్యంత మర్యాదైన పద్ధతి ఇది.

ఒక తేడా మాత్రం చెప్తాను. డబ్బు కట్టి కొన్న గేమ్‌ని, అమ్మినవాడు వదిలేశాక ఆడుకోవడానికి తాళం తీసుకోవడం నా దృష్టిలో వేరే సంగతి. అది న్యాయమనే నమ్ముతాను. చట్టం అలా అనదు చాలాచోట్ల, ఆ విషయం తెలుసుకునే చెయ్యి. అమెరికాలో కూడా డీఎంసీఏ తాళాల నియమానికి మూడేళ్లకోసారి మినహాయింపులు ఇస్తారు. సర్వర్ ఆగిపోయిన గేములను మ్యూజియంలూ లైబ్రరీలూ కాపాడుకోవడానికి అలాంటి వెసులుబాటు దొరికింది.

మరి ఏం కొనాలి? కొనేముందు ఒకటే చూడు: నెట్ తీసేస్తే ఇది నడుస్తుందా? జీఓజీ దుకాణం 2008 నుంచి డీఆర్ఎం లేకుండా అమ్ముతోంది, ఇన్‌స్టాలర్ ఫైల్‌ని దింపుకుని నీ డిస్క్‌లో దాచుకోవచ్చు. స్టీమ్‌లో కూడా కొన్ని గేములకి ఏ తాళమూ ఉండదు, ఫోల్డర్‌ని కాపీ చేసి నేరుగా నడపొచ్చు. ఏవి అలాంటివో ఒక్కొక్కటీ నువ్వే పరీక్షించుకోవాలి. కాలిఫోర్నియా చట్టం ఒకటి 2025 జనవరి నుంచి, లైసెన్సే ఇస్తున్నప్పుడు ఆ మాట స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అని రాయకూడదంది. అది అమల్లోకి రాకముందే స్టీమ్ చెల్లింపు పేజీలో ఆ వాక్యం కనిపించడం మొదలైంది. చిన్న వాక్యమే అయినా చదివి కొను.

దాచుకునేటప్పుడు మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి ఇంటి బయట. నీ పాత హార్డ్ డిస్క్‌ని పారేయకు. దాన్ని ఒక కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడు. ఎస్ఎస్‌డీలో డేటా విద్యుత్ ఆవేశం రూపంలో ఉంటుంది, ఏళ్ల తరబడి కరెంటు లేకుండా పెట్టెలో ఉంచితే మెల్లగా కారిపోవచ్చు. ఆ విషయంలో తిరిగే డిస్కే నయం. అయినా ఏడేళ్లది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకు, ఆరు నెలలకోసారి తెరిచి ఫైళ్లు చదవగలుగుతున్నావో లేదో చూడు. సేవ్ ఫైళ్లను మర్చిపోకు, గేమ్ మళ్లీ దొరికినా నీ రెండొందల గంటల ఆట మళ్లీ దొరకదు.

వరుస చెప్తాను. ముందు ఎస్ఎస్‌డీ, దానితోపాటే పీటీటీ ఆన్ చేసి విండోస్ 11. తర్వాత ర్యామ్. ఒక వారం ఆడి, 720 పరీక్ష చేసి ఎన్ని ఫ్రేములు వచ్చాయో రాయి. ఈలోగా కంప్యూటర్ పక్క పలక తీసి పవర్ సప్లై మీదున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల వరుస ఎదురుగా ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి చెప్పు. అది తెలిశాకే ఏ గ్రాఫిక్స్ కార్డు పెట్టొచ్చో చెప్తాను.